బీరువా మీది భూగోళం

మన బళ్ళలో గ్లోబు ఎక్కడుంటుందో మీకు తెలుసుగా! హెడ్మాస్టరుగారి గదిలో, బీరువా మీద. పక్కన ఆటల పోటీల్లో వచ్చిన రెండు కప్పులు, ఒక గాంధీగారి బొమ్మ. ఆర్కిటిక్ మీద నిజంగానే మంచు కురిసిందా అన్నట్టుగా దుమ్ము. ఇన్‌స్పెక్షన్‌కి పెద్దలొచ్చిన రోజున గ్లోబు కిందికి దిగుతుంది. తుడిచి బల్ల మీద పెడతారు. వాళ్ళ కారు గేటు దాటగానే మళ్ళీ పైకెక్కుతుంది. ఇళ్ళల్లోనూ అంతే లెండి. పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన గ్లోబు షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన చేరుతుంది. "ముట్టుకోకు, పడేస్తావ్" అన్న మాట రోజూ వింటూ ఉంటుంది.

పిల్లలు ముట్టుకోని గ్లోబు గ్లోబే కాదని నా ఉద్దేశం. 1940లో వచ్చిన 'ది గ్రేట్ డిక్టేటర్' సినిమాలో చాప్లిన్ నియంత వేషం వేసి, గాలి నింపిన గ్లోబును ఎగరేసి ఎగరేసి ఆడుకుంటాడు. ప్రపంచాన్ని మింగేద్దామనుకునేవాడికే అంత ఆట ఉంటే, రేపు ఈ ప్రపంచంలో బతకాల్సిన పిల్లలు ఆడుకోకూడదా చెప్పండి?

నేను ముప్ఫై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు శనివారాలు మా ఇంటికి దగ్గర్లో ఉన్న సర్కారు బడికి వెళ్తుంటాను. ఐదో తరగతి పిల్లల్ని "భూమ్మీద నీరెంత?" అని అడిగితే "71 శాతం మేడం!" అని కోరస్‌గా వస్తుంది. "నేల?" అంటే "29 శాతం మేడం!" మార్కులు రెండూ పడ్డట్టే. ఆ వెంటనే "శాతమంటే ఏంట్రా?" అని అడిగామనుకోండి, అందరి చూపులూ ఫ్యానువైపు వెళ్తాయి.

అంకెల సంగతి అలా ఉంచండి. భూమి గుండ్రంగా ఉందన్న మాటే పిల్లల బుర్రలో రకరకాలుగా కూర్చుంటుంది. స్టెల్లా వోస్నియాడు, విలియం బ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ప్రైమరీ స్కూలు పిల్లల్ని కూర్చోబెట్టి అడిగారు. ఆ సంగతులు 1992లో అచ్చయ్యాయి. భూమి గుండ్రం అని పిల్లలు చెప్పడం చెప్పారు. తరచి అడిగితే కొందరి లెక్కలో అది అట్టులాంటి గుండ్రం. కొందరికి అది డొల్ల బంతి, మనం దాని లోపల చదునైన నేల మీద ఉంటాం. ఇంకొందరికైతే భూములు రెండు. ఒకటి ఆకాశంలో తిరిగేది, ఒకటి మన కాళ్ళ కింద ఉన్నది! నవ్వకండి. మీ ఇంట్లో ఉన్న ఏడేళ్ళవాణ్ణి "భూమి బొమ్మ గీసి, అందులో నువ్వెక్కడున్నావో చూపించు" అనండి. వాడేం గీస్తాడో చూడండి.

మా క్లాసులో అందరికీ ఉన్న అనుమానం ఒకటే. "కిందున్నోళ్ళు పడిపోరా మేడం?" దీనికి నేను ఆర్యభటుణ్ణి పిలుస్తాను. క్రీస్తుశకం 499 నాటి 'ఆర్యభటీయం'లో ఆయన భూమిని కడిమి పువ్వుతో పోల్చాడు. కడిమి పువ్వు చూశారా? మధ్యలో గుండ్రటి బంతి, దాని చుట్టూ అన్ని వైపులా సన్నటి కేసరాలు. అలాగే భూమి చుట్టూ నేల మీది జీవులూ నీళ్ళలోని జీవులూ ఉన్నాయంటాడాయన. కేసరాలన్నిటికీ 'కింద' అంటే పువ్వు మధ్యవైపే. మనకీ అంతే. ఎక్కడ నిలబడ్డా కింద అంటే భూమి మధ్యవైపే. చిలీలో ఉన్నవాడు మనకి తలకిందులు, వాడికి మనం తలకిందులు. ఇది చెప్పాక పిల్లలు గ్లోబు చుట్టూ వేళ్ళు నిలబెట్టి "వీడు చూడు, వాడు చూడు" అని పది నిమిషాలు నవ్వుకుంటారు. ఆ పది నిమిషాలూ పాఠమే.

ఇప్పుడు 71 సంగతి. గాలి ఊదే ప్లాస్టిక్ గ్లోబు బంతులు బొమ్మల కొట్లో దొరుకుతాయి. పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి ఆ బంతి విసరమంటాను. పట్టుకున్నవాళ్ళు కుడిచేతి చూపుడువేలు కింద ఏముందో అరవాలి, "నీళ్ళు!" లేదా "నేల!" అని. బోర్డు దగ్గర ఒకరు గీతలు పెడుతుంటారు. వంద విసుర్లయ్యాక లెక్కపెడితే, ఒక క్లాసులో నీళ్ళు 68 వచ్చాయి. ఇంకో క్లాసులో 74. కాస్త అటూ ఇటూ డెబ్భై దగ్గరే తేలుతుంది. "నూటికి ఇన్ని" అంటే శాతమని అప్పుడు చెప్పక్కర్లేదు, వాళ్ళే చెప్తారు. అన్నం ఉడికిందో లేదో నాలుగు మెతుకులు పట్టి చూసినట్టు, నూరు వేళ్ళతో భూమిని పట్టి చూశామన్నమాట.

ఆ తర్వాత అసలు అంకెలు చెప్తాను. భూమి ఉపరితలం మొత్తం దాదాపు 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. అందులో నీరు 36 కోట్లు, నేల 15 కోట్లు. ఒక్క పసిఫిక్ మహాసముద్రమే 16 కోట్లకు పైన. అంటే ఏడు ఖండాలూ ఏరుకొచ్చి అందులో పడేసినా ఇంకా చోటు మిగులుతుంది. నమ్మకపోతే గ్లోబును న్యూజిలాండ్‌కి కాస్త తూర్పున, పసిఫిక్ మధ్యభాగం మీ ముఖానికి ఎదురుగా వచ్చేలా తిప్పండి. దాదాపు అంతా నీలమే. మన బళ్ళలో గ్లోబును ఎప్పుడూ భారతదేశం కనిపించేట్టుగా తిప్పి పెడతారు కాబట్టి, ఆ వైపు ఒకటుందనే చాలామంది పిల్లలకు తెలీదు.

గోడ మ్యాపు చేసే మాయ కూడా గ్లోబు ముందు బయటపడుతుంది. చాలా మ్యాపుల్లో గ్రీన్‌లాండ్ మనకంటే ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తుంది. గుండ్రటిదాన్ని సాపుగా పరిచినప్పుడు ధ్రువాల దగ్గరి నేల సాగిపోతుంది మరి. బత్తాయి తొక్కను చిరగకుండా బల్ల మీద పరచమనండి, పిల్లలకే అర్థమవుతుంది. తర్వాత పల్చటి కాగితం గ్లోబు మీద పెట్టి మన దేశాన్ని గీసి, కత్తిరించి, గ్రీన్‌లాండ్ మీద పెట్టమనండి. మన దేశమే ఒకటిన్నర రెట్లు పెద్దది! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి, క్రికెట్ మ్యాచ్ గెలిచినట్టుంటాయి.

ఇంతవరకూ వెడల్పు. ఇక లోతు. బల్ల మీది గ్లోబు అడ్డంగా 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఆ లెక్కన ఒక మిల్లీమీటరు అంటే 42 కిలోమీటర్లు. మరి 8,849 మీటర్ల ఎవరెస్టు దాని మీద ఎంతుంటుంది? మిల్లీమీటరులో అయిదో వంతు. వేలితో తడిమితే గరుకు తగిలీ తగలనట్టుంటుంది. సముద్రాల సగటు లోతు సుమారు 3.7 కిలోమీటర్లు. గ్లోబు మీద అది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. తడిగుడ్డతో గ్లోబును తుడిచినప్పుడు మిగిలే చెమ్మ ఉంటుంది చూశారూ, ఇంచుమించు అంతే. అన్ని మహాసముద్రాలూ కలిపి భూమికి పట్టిన చెమట లాంటివి. వెడల్పేగానీ మందం లేదు.

సరిగ్గా ఇక్కడే ఒక పాప లేచింది. రెండు జడలు, వెనక బెంచీ. "మేడం, గన్ని నీళ్ళుంటే మా బస్తీకి ట్యాంకర్ ఎందుకొస్తది? గది గూడ మూడు రోజులకొకసారి!"

ముప్ఫై ఏళ్ళలో నన్ను ఇంత మంచి ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ. ఎందుకంటే 71 అన్న అంకెను అక్కడితో వదిలేస్తే పిల్లలకు అర్థమయ్యేది ఒకటే. నీళ్ళు బోలెడున్నాయి, మనకెవరో ఇవ్వట్లేదు. బడిలో నేర్చుకున్నదానికీ, బిందె పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు కంటికి కనిపించేదానికీ పొంతన లేకపోతే, పిల్లలు బడిని నమ్మడం మానేస్తారు. పాఠం వేరు, బతుకు వేరు అనుకుంటారు. నా బాధల్లా అదే.

దానికి జవాబు నేను ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌తో చెప్తాను. ఈ రోజుల్లో అది లేని వీధి లేదు కదా. భూమ్మీద ఉన్న నీళ్ళన్నీ ఈ క్యాన్‌లో ఉన్నాయనుకోండి. పంతొమ్మిదిన్నర లీటర్లు ఉప్పునీళ్ళు, పక్కన పెట్టేయండి. మిగిలింది అర లీటరు మంచినీళ్ళు. అందులో దాదాపు 350 మిల్లీలీటర్లు అంటార్కిటికాలో, గ్రీన్‌లాండ్‌లో, హిమాలయాల్లాంటి చోట్ల మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. ఓ 150 మిల్లీలీటర్లు భూమి లోపల. బావులూ బోర్లూ తోడేది ఇక్కడినుంచే. ఇక మిగిలింది ఒక్క టీ చెంచాడు! అందులోనూ ఎక్కువ భాగం చలిదేశాల మట్టిలో గడ్డకట్టి ఉంది. ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నీ కలిపి ఓ పాతిక చుక్కలు. ఇక నదులు... గంగ, గోదావరి, కృష్ణ, అమెజాన్, నైలు, అన్నీ కలిపి ఎంతో చెప్పండి చూద్దాం. మందు సీసాతో వచ్చే డ్రాపర్‌తో ఒక చుక్క వేసి, "ఇంత కూడా కాదు" అన్నాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది.

అక్కడ ఆపితే పిల్లలు భయపడి ఇంటికి పోతారు. భయపెట్టడం పాఠం కాదు. ఆ చుక్క అయిపోకుండా ఎందుకుంటోంది అన్నది రెండో సగం. మళ్ళీ గ్లోబు తీసుకుంటాం. మన దేశానికి కింద ఉన్న హిందూ మహాసముద్రం మీద వేలు పెట్టమంటాను. అక్కడ ఎండకి నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు కిందే ఉండిపోతుంది. భూమధ్యరేఖ దాటి వచ్చే గాలులు ఆ తేమను మోసుకుని నైరుతి దిక్కునుంచి జూన్‌లో కేరళను తాకుతాయి, తర్వాత మన మీదికి వస్తాయి. కాబట్టి సముద్రం మొహం ఎన్నడూ చూడని హైదరాబాద్ పాప తాగేది కూడా ఒకప్పటి సముద్రమే. గ్లోబు మీది ఆ నీలం రంగు మన కుళాయికి పుట్టిల్లన్నమాట.

కానీ ఆ వాన ఏడాదంతా పడదు, ఎక్కువగా నాలుగు నెలలే. పడ్డప్పుడు పట్టి నిలుపుకుంటే చెరువు, వదిలేస్తే వరద. ఈ సంగతి కాకతీయులకు తెలుసు కనకే పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించారు. ఎనిమిది వందల ఏళ్ళయినా ఆ చెరువులు ఇంకా ఉన్నాయి. మనం చెరువుల్ని పూడ్చి ప్లాట్లు వేసుకున్నాం. నేలలోకి ఇంకే దారి సిమెంటుతో కప్పేశాం. హైదరాబాద్‌కి కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి పైపుల్లో ఎక్కించి తెచ్చుకుంటున్నాం. ట్యాంకర్ ఎందుకొస్తుందో పాపకి నేను చెప్పలేదు. ఈ నాలుగు మెట్లూ ఎక్కాక, "అయితే మా బస్తీ వెనకున్న కుంట పూడ్చకుండా ఉండాల్సింది మేడం" అని తనే అంది.

ఇక పేర్లు. ద్వీపం, ద్వీపకల్పం, అఖాతం, జలసంధి... పిల్లలు వీటిని ఎక్కాల్లా బట్టీ పడతారు. అక్కర్లేదు. మన మాటల్లోనే ఉన్నాయి. కోనసీమలో గోదావరి పాయల మధ్య ఉన్న ఊళ్ళను లంకలంటారు. అంటే నీళ్ళ మధ్య నేల. దివిసీమలోని 'దివి' అన్నా దీవే. కృష్ణ పాయల మధ్య, సముద్రం అంచున ఉంది కదా. 'ద్వీపం' అన్న సంస్కృతం మాటలోనే రెండు పక్కలా నీళ్ళున్నది అనే అర్థం ఉంది. బంగాళాఖాతం అని రోజూ వాతావరణ వార్తల్లో వింటాం. అందులోని 'అఖాతం' అంటే మూడు పక్కలా నేల ఉన్న సముద్రమని ఎవరూ విప్పి చెప్పరు. గ్లోబు మీద వేలితో చుట్టి చూపిస్తే ఒక్క నిమిషం పని.

మీ చుట్టాలెవరైనా డాలస్‌లో ఉన్నారా? ఒక దారం తీసుకుని గ్లోబు మీద హైదరాబాద్‌నుంచి డాలస్‌కి బిగించి పట్టండి. దగ్గరి దారి అట్లాంటిక్ మీదుగా కాదు, దాదాపు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది! విమానాలు గాలుల్నీ దేశాల అనుమతుల్నీ బట్టి దారి మార్చుకుంటాయి, అది వేరే సంగతి. ఆ దారం కింద ఏముందో అడగండి. ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు, గడ్డకట్టిన సముద్రం. దక్షిణ ధ్రువం దగ్గరేమో మంచు కింద ఒక ఖండమే ఉంది. రెండూ తెల్లగానే ఉంటాయి గానీ ఒకటి నీరు, ఒకటి నేల.

తేడా ఏముంది అంటారా? రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లో ఐసు ముక్కలు నీళ్ళలో తేలనివ్వండి. రెండోదాంట్లో ఒక రాయి నీళ్ళపైకి వచ్చేట్టు పెట్టి, దాని మీద ఐసు పెట్టండి. రెండింటికీ స్కెచ్ పెన్నుతో నీటిమట్టం గీత పెట్టండి. కరిగాక మొదటి గ్లాసులో గీత దాటదు, రెండో గ్లాసులో దాటుతుంది. నేల మీది మంచు కరిగితే సముద్రం ఎందుకు పెరుగుతుందో పిల్లలకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఇదంతా మనకెందుకు అనకండి. మన ఆంధ్ర తీరం రమారమి వెయ్యి కిలోమీటర్లు. కాకినాడ పక్కన ఉప్పాడలో అలలు ఇళ్ళనూ రోడ్డునూ కోసేస్తున్న సంగతి ఏటా చూస్తూనే ఉన్నాం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన పదివేలకు పైగా ప్రాణాలు తీసుకుంది. నేలకూ నీటికీ మధ్య ఉన్న గీత గ్లోబు మీద కదలదు గానీ బయట కదులుతుంది.

ఆ గీత గురించి విన్న ఒక పాఠం ఏం చేయగలదో చెప్పి ముగిస్తాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు థాయిలాండ్‌లోని ఫుకెట్ దీవిలో, మాయ్ ఖావ్ బీచ్‌లో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ బ్రిటిష్ అమ్మాయి అమ్మానాన్నలతో ఉంది. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ప్రవర్తించడం చూసింది. రెండు వారాల ముందే బళ్ళో జాగ్రఫీ టీచరు సునామీ గురించి చెప్పారు. ఆ గుర్తులు ఇవేనని పోల్చుకుని కేకలు పెట్టింది. అమ్మానాన్నలు హోటల్ వాళ్ళకు చెప్పారు, బీచ్ ఖాళీ చేయించారు. సుమారు వందమంది బతికారు. అదే సునామీ మన తీరాన్నీ తాకింది. మన పిల్లలకు ఆ గుర్తులు అప్పుడెవరైనా చెప్పి ఉన్నారా? ఇప్పుడైనా చెప్తున్నామా?

వచ్చే ఆదివారం ఒక పని చేయండి. షోకేసులో గ్లోబుంటే దించండి. లేకపోతే ఓ గాలి బంతి కొనండి, అదీ కుదరకపోతే పాత ప్లాస్టిక్ బంతి మీద స్కెచ్ పెన్నుతో పిల్లల చేతే ఖండాలు గీయించండి. వంకర పోయినా పర్వాలేదు. ముందు పేర్లు అడగొద్దు, వాళ్ళను అడగనివ్వండి. జవాబు తెలియకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. మీరు టీచరైతే, హెడ్మాస్టరుగారిని ఒక్కమాట అడిగి ఆ బీరువా మీదికి చెయ్యి చాపండి. పగిలితే పగులుతుంది. ఇంకోటి కొనుక్కోవచ్చు.

మీ పిల్లలు గ్లోబు పట్టుకుని ఏం అడిగారో నాకు రాయండి. మంచి ప్రశ్నలన్నీ ఇక్కడే చెప్పుకుందాం.